ఏకాంత ఖైదు - యంత్రపు ఓదార్పు

1829వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికా దేశమునందలి ఫిలడెల్ఫియా నగరపు పొలిమేరలో ఒక క్రొత్త చెరసాల తెరువబడెను. దాని పేరు ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ. వెలుపలినుండి చూచువారికి అది బురుజులతో కూడిన పాతకాలపు కోటవలె కనిపించెడిది. లోపలికి పోయి చూచినవారు మాత్రము అందలి వసతులకు ఆశ్చర్యపడెడివారు. ప్రతి ఖైదీకి ఒక ప్రత్యేకమైన గది. గదిని వెచ్చగా నుంచుటకు గొట్టముల ఏర్పాటు. గదిలోనే నీళ్లు, నీటితో కడుగబడు మరుగుదొడ్డి. పైకప్పులో ఆకాశపు వెలుగు దిగుటకు చిన్న గవాక్షము. గదిని ఆనుకొని ఎత్తైన గోడల నడుమ ఒక చిన్న పెరడు. ఆనాడు అమెరికా అధ్యక్షుని భవనమునందు సైతము ఇట్టి సౌకర్యములు లేవు. నిర్మాణమునకు ఏడున్నర లక్షల డాలర్లకు పైగా వ్యయమైనది. ఆ దేశమున అంతవరకు అంత ధనముతో కట్టిన భవనములు బహు కొద్ది.

ఈ వసతులన్నియు ఖైదీ సుఖమునకై ఏర్పడినవని తలచినచో మనము పొరబడినవారమగుదుము. నీళ్లు తెచ్చువాడు, నిప్పు రాజేయువాడు, దొడ్డి శుభ్రము చేయువాడు గదిలోనికి రానక్కరలేకుండ చేయుటయే వాని ప్రయోజనము. ఖైదీ తన శిక్షాకాలమంతయు మరియొక ఖైదీ ముఖము చూడక, మాట వినక గడుపవలెనన్నది ఆ చెరసాల నియమము. మనిషికి మనిషితో పని లేకుండ చేయుటకే అచ్చట యంత్రమును వాడిరి.

ఈనాడు పెక్కు దేశములలో ఏకాంత ఖైదు గదులలోనికి రేడియో, టెలివిజను, చేతిలో ఇముడు టాబ్లెట్టు, గోడపై అడవుల దృశ్యములను చూపు ప్రొజెక్టరు ప్రవేశించినవి. ఖైదీ బాధను తగ్గించుటకే వీనిని పెట్టుచున్నామని చెప్పుచున్నారు. ఆ ఉద్దేశము మంచిదే. కాని 1829నాటి ఉద్దేశము కూడ మంచిదే అయి ఉండెను! ఇందువలననే ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. యంత్రము ఖైదీ బాధను తగ్గించునా? లేక ఆ బాధను మరింతకాలము సాగించుటకు తోడ్పడునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుటకు ఏకాంత ఖైదు చరిత్రను కొంత తెలిసికొనవలెను.

మంచి మనసుతో కట్టిన గోడలు

18వ శతాబ్దమున ఐరోపా, అమెరికా చెరసాలలు నరకకూపములుగా నుండెడివి. హంతకుడు, చిల్లరదొంగ, అప్పు తీర్చలేనివాడు, బాలుడు, మతి చలించినవాడు అందరును ఒకే కొట్టులో క్రిక్కిరిసి పడియుండెడివారు. జైలు జ్వరములు అందరిని పట్టి పీడించెడివి. కొరడా దెబ్బలు, ఉరిశిక్షలు సామాన్యములు. ఇంగ్లండు దేశస్థుడగు జాన్ హోవర్డు ఊరూర తిరిగి చెరసాలలను స్వయముగా చూచి, తాను చూచినదానిని 1777లో గ్రంథముగా ప్రకటించెను. దానిని చదివినవారు సిగ్గుపడిరి. 1787లో ఫిలడెల్ఫియాలోని కొందరు పెద్దలు చెరసాలలలోని దుఃఖమును తగ్గించుటకై ఒక సంఘమును స్థాపించిరి. సుప్రసిద్ధ వైద్యుడు బెంజమిన్ రష్ అందులో ఒకడు. క్రైస్తవులలో శాంతి స్వభావులని పేరొందిన క్వేకరులు ఆ సంఘమునకు వెన్నెముకవంటివారు.

వారి తర్కము సులభమైనది. చెడు సహవాసము వలన మనిషి చెడిపోవును. కావున అతనిని ఆ సహవాసమునుండి తప్పింపవలెను. కొట్టవద్దు, తిట్టవద్దు, ఉరితీయవద్దు. నిశ్శబ్దములో ఒంటరిగా కూర్చుండబెట్టినచో అంతరాత్మ మేల్కొనును, పశ్చాత్తాపము కలుగును. 'పెనిటెన్షియరీ' అను పేరు పశ్చాత్తాపమను అర్థము గల మాటనుండియే పుట్టినది. మన దేశమున మునులు ఏకాంతమును కోరి అడవులకు పోయిరి కదా! అందు తప్పేమున్నదని ఎవరైన అడుగవచ్చును. మునులు కోరి పోయిరి. వలదనుకొన్ననాడు తిరిగి రాగలిగిరి. ఈ రెండు స్వేచ్ఛలును ఖైదీకి లేవు. పేరు ఒక్కటే యైనను వస్తువు వేరు.

చెరసాలకు రూపము కల్పించినవాడు జాన్ హావిలాండ్ అను వాస్తుశిల్పి. బండిచక్రపు కుండనుండి ఆకులు బయలుదేరినట్లు నడిమి మందిరమునుండి ఏడు బారుల గదులను అతడు కల్పించెను. ఖైదీని గదినుండి వెలుపలికి తీసికొనిపోవలసివచ్చినప్పుడు తలపై ముసుగు కప్పెడివారు. గదిలోనే చెప్పులు కుట్టుట, బట్ట నేయుట వంటి పనులు ఇచ్చెడివారు. జైలు అధికారి, బోధకుడు అప్పుడప్పుడు వచ్చి పలుకరించెడివారు. మిగిలినదంతయు నిశ్శబ్దము.

ఇచ్చట ఒక చిన్న విషయము గమనింపదగినది. గోడలు ఎంత దళసరిగా కట్టినను, గొట్టములు గదినుండి గదికి పోవుచుండెను గదా! ఖైదీలు ఆ గొట్టములపై తట్టి ఒకరినొకరు పలుకరించుకొనుట నేర్చిరి. మనిషితో పని లేకుండ చేయుటకు పెట్టిన గొట్టమే మనిషిని మనిషితో కలుపు సాధనమైనది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. వ్యాసాంతమున దీనితో మనకు పని యున్నది.

వ్యాప్తి, పరాజయము

ఈ పద్ధతి కీర్తి త్వరలోనే సముద్రములు దాటెను. ప్రపంచమున సుమారు 300 చెరసాలలు ఫిలడెల్ఫియా నమూనాను అనుసరించి వెలసినవి. 1842లో లండనులో తెరచిన పెంటన్‌విల్ చెరసాల వానిలో ముఖ్యమైనది. జాషువా జెబ్ అను ఇంజనీరు 520 గదులతో దానిని నిర్మించెను. గాలి వచ్చుటకు, పోవుటకు గోడలలో మార్గములు ఉండెను. గదిలోని పిడిని త్రిప్పినచో వెలుపల గంట మ్రోగి, ఆ గది సంఖ్య గల రేకు గోడనుండి ముందుకు వచ్చెడిది. ప్రార్థనామందిరమున సైతము ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క చెక్క అర. నడచునప్పుడు ముఖమునకు ముసుగు. మొదట ఖైదీలను ఇట్లు 18 నెలలు ఉంచిరి. మతి చలించినవారు పలువురు కనబడుటచే ఆ గడువును క్రమముగా 9 నెలలకు తగ్గింపవలసివచ్చెను.

1842లోనే ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అమెరికా యాత్రలో ఫిలడెల్ఫియా చెరసాలకు పోయి, ఖైదీలతో వారి గదులలో మాట్లాడెను. ఆ పద్ధతిని కల్పించినవారు దయగలవారేయని అతడు అంగీకరించెను. కాని తాము చేయుచున్నదేమో వారికి తెలియదని వ్రాసెను. శరీరమునకు తగిలిన గాయము కంటికి కనబడును. మెదడునకు తగిలిన గాయము కనబడదు, దాని కేక చెవిని పడదు. అందువలననే అది మరింత క్రూరమని అతని అభిప్రాయము.

1890లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము మెడ్లీ అను ఖైదీ వ్యాజ్యములో ఈ విషయమును విచారించెను. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి శామ్యూల్ మిల్లర్ గడచిన అనుభవమును సింహావలోకనము చేసెను. కొద్దికాలపు ఏకాంతమునకే పలువురు ఖైదీలు మందమతులైరని, కొందరు ఉన్మాదులైరని, కొందరు ఆత్మహత్య చేసికొనిరని, మిగిలినవారిలో పెక్కురు మరల లోకమున పనికివచ్చు స్థితికి రాలేదని ఆయన పేర్కొనెను. 1913లో ఈస్టర్న్ స్టేట్ చెరసాల తన పద్ధతిని అధికారికముగ విడిచిపెట్టెను. 1971లో ఆ చెరసాలయే మూతపడెను.

మన దేశమున

మన దేశమునకు ఏకాంత ఖైదు ఇంగ్లీషువారి చట్టములతో వచ్చినది. 1860నాటి భారత శిక్షాస్మృతిలోని 73, 74 సెక్షనులు దానికి ఆధారము. వానిని పరిశీలించినచో చట్టము వ్రాసినవారికే దీని అపాయము తెలియునని స్పష్టమగును. మొత్తము శిక్ష ఆరు నెలలకు మించనిచో ఏకాంతము ఒక నెలకు, సంవత్సరమునకు మించనిచో రెండు నెలలకు, అంతకు పైబడినచో మూడు నెలలకు మించరాదు. ఒక్కసారికి 14 రోజులకు మించరాదు. పిమ్మట కనీసము అన్నియే రోజులు విరామమీయవలెను. మొత్తము శిక్ష మూడు నెలలు దాటినచో ఏ నెలలోను ఏడు రోజులకు మించి ఏకాంతము కూడదు. విషమును మందుగా ఇచ్చు వైద్యుడు గురిగింజల లెక్కన తూచి ఇచ్చినట్లున్నదీ ఏర్పాటు.

చట్టపు తూనిక ఇట్లుండగా బంగాళాఖాతములోని పోర్టుబ్లెయిరున 1896లో మొదలై 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు మరియొక కథ చెప్పును. నడిమి గోపురమునుండి ఏడు బారులు, మూడంతస్తులు, దాదాపు 700 గదులు. ఒక బారు ముఖము మరియొక బారు వీపును చూచునట్లు కట్టుటచే ఖైదీకి ఎదుటి ఖైదీ కనబడడు. 'సెల్యులర్' అను పేరే ఈ విడి గదులవలన వచ్చినది. ఫిలడెల్ఫియా చక్రపు ఛాయ ఇందు స్పష్టముగ గోచరించును. ఫిలడెల్ఫియాలో పశ్చాత్తాపము కొరకు కల్పించిన రూపము ఇచ్చట దేశభక్తులను మౌనులను చేయుటకు ఉపయోగపడెను. ఒక సాధనమును కల్పించినవాని మనసు ఆ సాధనముతో కూడ ప్రయాణము చేయదు. సాధనము మాత్రమే ప్రయాణము చేయును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1971లో న్యాయ సంఘము తన 42వ నివేదికలో ఏకాంత ఖైదును శిక్షాస్మృతినుండి తొలగింపుమని సూచించెను. 1978లో సునీల్ బాత్రా వ్యాజ్యమున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ముఖ్యమైన తీర్పు నిచ్చెను. ఉరిశిక్ష పడిన ఖైదీని 1894నాటి జైళ్ల చట్టము పేరు చెప్పి ఏకాంతమున ఉంచుట చెల్లదనియు, ఏకాంతము న్యాయస్థానము మాత్రమే విధింపదగిన వేరొక శిక్షయనియు, జైలు అధికారి దానిని వేరు పేరుతో అమలుపరుపరాదనియు తేల్చెను. ఆ ధర్మాసనమున న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు ఒకరు. చెరసాల తలుపు దాటినంతమాత్రమున మానవుని ప్రాథమిక హక్కులు తలుపు వెలుపల నిలిచిపోవన్నది ఆ తీర్పు సారాంశము. అయినను 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 11, 12 సెక్షనులుగా ఆ పాత నిబంధనలే కొనసాగినవి.

ప్రయోగశాల ఏమి చెప్పినది?

ఒంటరితనము మనిషినేమి చేయును? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు 20వ శతాబ్దమున ప్రయోగమునకు పెట్టిరి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున 1951 మొదలు డొనాల్డ్ హెబ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో ఒక ప్రయోగము జరిగెను. విద్యార్థులకు రోజునకు 20 డాలర్లు ఇచ్చి మెత్తని పరుపుపై పండుకొనుమనిరి. కండ్లకు వెలుగు మాత్రము సోకి రూపములు కనబడని అద్దములు, చేతులకు తొడుగులు, చెవులకు అడ్డుగ నురుగు దిండు పెట్టిరి. పని లేదు, కష్టము లేదు, జీతము మంచిది. అయినను పెక్కురు రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయిరి. వారి ఆలోచన చెదరెను. లేని బొమ్మలు కండ్ల ముందు కనబడెను. మెదడు ఖాళీగా నుండనేరదని, బయటినుండి ఏమియు అందనప్పుడు తన్ను తానే తినుటకు మొదలిడునని దీనివలన తేలెను.

ఇది ఆరోగ్యవంతులు, కోరినప్పుడు లేచి పోగలవారు అయిన విద్యార్థుల సంగతి. 1983లో స్టూవర్టు గ్రాసియన్ అను మనోవైద్యుడు మసాచుసెట్స్ రాష్ట్రమున ఏకాంత ఖైదులోనున్న 14 మందిని పరీక్షించి ఫలితములు ప్రకటించెను. చిన్న చప్పుడును భరింపలేకపోవుట, చూపులోను వినికిడిలోను భ్రమలు, కారణము లేని భీతి, జ్ఞాపకము తప్పుట మున్నగు లక్షణములు ఆయనకు కనబడెను.

కాని కొరత దేనిది? వెలుగు, శబ్దము, వినోదము వీని కొరతయా? లేక మనుష్యుల కొరతయా? యంత్రముతో ఓదార్చుటను గూర్చిన చర్చ అంతయు ఈ భేదముపై ఆధారపడియున్నది. 2020లో ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీనిపై కొంత వెలుగు ప్రసరింపజేసినది. వారు 40 మంది ఆరోగ్యవంతులను ఒకనాడు పది గంటలు ఏమియు తినకుండ ఉంచిరి. మరియొకనాడు పది గంటలు ఎవ్వరితోను కలియకుండ ఒక గదిలో ఉంచిరి. పిమ్మట వారి మెదడును యంత్రముతో పరీక్షించుచు ఉపవాసమున్ననాడు ఆహారపు బొమ్మలను, ఒంటరిగా నున్ననాడు మనుష్యులు కలిసి సంతోషముగ నున్న బొమ్మలను చూపిరి. రెండు సందర్భములలోను మధ్యమెదడులోని ఒకే ప్రాంతము ఒకే తీరుగ చలించెను. అనగా మెదడునకు సహవాసము వినోదము కాదు, ఆహారమువంటిది. అది లేకున్నచో కలుగునది విసుగు కాదు, ఆకలి.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఆ ప్రయోగమున బొమ్మ ఆకలిని తీర్చలేదు. ఆకలిని పైకి తెచ్చినది. అన్నపు బొమ్మ కండ్లకు నిండుగా నుండవచ్చును గాని కడుపు నింపదు.

నీలి గది

ఇక ఈ కాలపు యంత్రముల సంగతి చూతము. 1989లో కాలిఫోర్నియా రాష్ట్రమున పెలికన్ బే అను చెరసాల వెలసెను. అందలి ప్రత్యేక విభాగమున గదులకు కిటికీలు లేవు. తలుపులను దూరమున కూర్చున్న కాపలాదారు విద్యుచ్ఛక్తితో తెరచును, మూయును. దినమునకు ఇరువదిరెండు గంటలకు పైగా ఖైదీ గదిలోనే. ఆ గదులలో టెలివిజను, రేడియో ఉంచుకొనుటకు అనుమతి ఉండెను. అయినను ఏమైనది? పదేండ్లు దాటినను ఆ గదులనుండి వెలుపలికి రానివారు వందలకొలది ఉండిరి. టెలివిజను కాలమును గడిపినది గాని తలుపును తెరువలేదు. 2013లో ఆ రాష్ట్రపు చెరసాలలలో సుమారు 30,000 మంది ఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. 2015లో జరిగిన ఒడంబడికతో గడువు లేని ఏకాంతమునకు అచ్చట అడ్డుకట్ట పడెను.

అదే సంవత్సరములలో మరియొక ప్రయత్నము జరిగెను. భారత సంతతికి చెందిన నళినీ నాడ్కర్ణి అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞురాలు అడవులలో మహావృక్షముల కొమ్మలపై పెరుగు జీవజాలమును పరిశోధించినది. వాషింగ్టన్ రాష్ట్రపు ఒక చెరసాలలో ఖైదీలచేత నాచుమొక్కలు పెంచు పద్ధతులను ఆమె పరీక్షింపజేసినది. అక్కడి పనినుండి బయలుదేరిన కార్యక్రమములో ఖైదీలు అంతరించిపోవుచున్న కప్పలను సైతము పెంచిరి. ఆ పనిలో మట్టి ఉన్నది, ప్రాణి ఉన్నది, ప్రక్కన మరియొక మనిషి ఉన్నాడు. కాని ఏకాంత ఖైదులోనివారికి మొక్కను, పనిముట్టును ఇచ్చుటకు నియమములు ఒప్పవు. కనీసము అడవి దృశ్యములనైన చూపవచ్చును గదాయని ఆమె తలచినది.

ఆ తలంపు 2013లో ఆరెగాన్ రాష్ట్రమునందలి స్నేక్ రివర్ చెరసాలలో ఆచరణలోనికి వచ్చెను. వ్యాయామపు గది ఒకదాని గోడపై అడవులు, సముద్రములు, సెలయేళ్లు, ఆకాశము ప్రొజెక్టరు ద్వారా చూపుటకు ఏర్పాటు చేసిరి. దానికి 'నీలి గది' యని పేరు వచ్చెను. ఖైదీ ఒకసారికి గంటకు మించకుండ అందు కూర్చుండును. 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, దృశ్యములు చూచిన ఖైదీలలో హింసతో కూడిన నియమోల్లంఘనలు చూడనివారికంటె 26 శాతము తక్కువ. 1984లో రోజర్ ఉల్రిచ్ అను శాస్త్రజ్ఞుడు ఆస్పత్రి కిటికీనుండి చెట్లు కనబడిన రోగులు, ఇటుకగోడ కనబడిన రోగులకంటె కొంత త్వరగా ఇంటికి పోయిరని చూపియుండెను. కనుక ఇది గాలిలో కట్టిన మేడ కాదు. మెదడునకు పచ్చదనము మేలు చేయుననుటకు ఆధారమున్నది.

ధర్మసంకటము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నీలి గది మంచిదా, చెడ్డదా?

మంచిదని వాదించువారి మాట ఇది: చట్టములు మారుటకు ఏండ్లు పట్టును. ఈ రాత్రి గదిలో తల గోడకు మోదుకొనుచున్న మనిషి చట్టము మారువరకు ఆగగలడా? బావిలో పడినవానికి మొదట త్రాడు వేయవలెను. బావికి ఒరలు లేవన్న చర్చ తరువాత. ఈ వాదము సత్యము. బాధను తగ్గించు సాధనము చేతనుండి, పెద్ద సంస్కరణ ఆలస్యమగునను భయముతో దానిని దాచుట క్రూరత్వమే యగును.

చెడ్డదనువారి మాట ఇది: గోడమీది అడవి వలన ఖైదీ నెమ్మదించును. ఖైదీ నెమ్మదించినచో జైలులో అలజడి తగ్గును. అలజడి తగ్గినచో ఏకాంత ఖైదు వలన కీడు లేదని అధికారులు, ప్రజలు నమ్ముదురు. అప్పుడు పది రోజుల శిక్ష నూరు రోజులు కావచ్చును. నొప్పి తెలియని మందు ఇచ్చి గాయమును మాన్పకుండ విడిచిన వైద్యునివలె యంత్రము మన మనస్సాక్షికి మందు పూయును. ఈ వాదమును కూడ త్రోసివేయుటకు వీలులేదు. ఫిలడెల్ఫియా, పెలికన్ బే చరిత్రలు దీనికి సాక్ష్యము. వసతులు పెరిగినకొలది గోడలు కూలలేదు; శిక్షాకాలమే పెరిగినది.

ఈ రెండు సత్యముల నడుమ దారి ఏది? సాధనమును వద్దనుట కాదు, సాధనమును తూచుటకు తగిన తూనికరాళ్లను ఏర్పరచుకొనుట దారియని తోచుచున్నది.

మొదటి రాయి: యంత్రము మనిషికి తోడుగ వచ్చినదా, మనిషికి బదులుగ వచ్చినదా? 2020లో కోవిడ్ వ్యాధి కాలమున ములాఖత్‌లు నిలిచిపోయినప్పుడు మన దేశపు చెరసాలలలో వీడియో ద్వారా ఖైదీలు తమవారిని చూచి మాట్లాడుటకు ఏర్పాట్లు జరిగెను. అది తెగిన సంబంధమును కలిపిన యంత్రము. అమెరికాలోని కొన్ని స్థానిక జైళ్లలో వీడియో వచ్చిన పిమ్మట తల్లి, భార్య, బిడ్డ ఎదుటికి వచ్చి చూచు ములాఖత్‌నే రద్దుచేసిరి. అది ఉన్న సంబంధమును తెంచిన యంత్రము. రెండును ఒకే యంత్రమని మరువరాదు.

రెండవ రాయి: ఫలితమును దేనితో కొలుచుచున్నాము? ఖైదీ ఎంత నిశ్శబ్దముగ నున్నాడనుట కొలత కారాదు. నిశ్శబ్దము శాంతివలన రావచ్చును, మనసు చచ్చుటవలనను రావచ్చును. ఖైదీ ఏకాంతమున గడిపిన రోజులు తగ్గినవా, మనుష్యులతో గడిపిన గంటలు పెరిగినవా అన్నదే కొలత కావలెను.

మూడవ రాయి: ఎవరికి లాభము? టాబ్లెట్టును ఉచితముగ ఇచ్చి, మాటకింత, నిముషమునకింతయని ఖైదీ కుటుంబమునుండి వసూలుచేయు వ్యాపారము అమెరికాలో పెరిగినది. అచ్చట జైలు ఫోను, వీడియో మాటల ధరలకు కళ్లెము వేయుటకు 2023లో ఒక చట్టమే చేయవలసివచ్చెను. ఒంటరితనము ఒకనికి ఆదాయమైననాడు దానిని అంతమొందించుటకు అతడు తొందరపడడు.

ఈ రాళ్లతో తూచినచో నీలి గది ఒక ఔషధము. కాని ఆహారము కాదు. ఐక్యరాజ్య సమితి 2015 డిసెంబరులో అంగీకరించిన నెల్సన్ మండేలా నియమములు ఈ విషయమున ఒక గీత గీచినవి. మండేలా తన 27 సంవత్సరముల ఖైదులో 18 సంవత్సరములు రాబెన్ ద్వీపమున గడపినవాడు. ఆ నియమముల ప్రకారము, దినమునకు 22 గంటలు లేక అంతకు మించి అర్థవంతమైన మానవ సంబంధము లేకుండ ఉంచుటయే ఏకాంత ఖైదు. అది వరుసగా 15 రోజులు మించరాదు. నిర్వచనములోని మాటలను గమనింపుడు. వెలుగు లేకుండ అనలేదు, వినోదము లేకుండ అనలేదు; మానవ సంబంధము లేకుండ అన్నారు. కనుక గోడపై ఎన్ని అడవులు చూపినను ఆ 15 రోజుల లెక్క ఆగదు. టాబ్లెట్టు చేతనున్నదని పదునారవ రోజు న్యాయము కాదు.

గొట్టముపై చప్పుడు

ఫిలడెల్ఫియా ఖైదీలు గొట్టములపై తట్టి మాట్లాడుకొనిరని మొదట చెప్పితిమి. రెండు శతాబ్దములలో ఏకాంత ఖైదు గదిలో యంత్రమును సద్వినియోగపరచిన మొదటివారు ఆ ఖైదీలే. వారికి ఆ గొట్టమునందలి వేడికంటె దాని ఆవలి కొననున్న మనిషి ముఖ్యుడు. ఇంజనీరులు వేడిని పంపిరి. ఖైదీలు మాటను పంపిరి.

ఏకాంత ఖైదు గదిలోనికి రేపు ఎట్టి యంత్రము వచ్చునో చెప్పలేము. మనిషివలె మాట్లాడు యంత్రములును ఇప్పటికే లోకమున ప్రవేశించినవి. అది ఎంత చమత్కారమైనదైనను మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: దీని ఆవలి కొనను మనిషి ఉన్నాడా? ఉన్నచో అది చెరసాల గోడలో ఒక కిటికీ. లేనిచో ఆ గోడకు పూసిన అందమైన సున్నము మాత్రమే.